కొమ్ము కింద చేయి

"నీకీ పట్టు ఎవరు నేర్పిండ్రు?"

పోయినవారం నా కథను ఈ ప్రశ్న దగ్గరే ఆపాను. కల్వకుర్తిలో జరిగిన కుస్తీ ఎంపిక పోటీల్లో తెలకపల్లి అమ్మాయిని పడగొట్టి, రాష్ట్ర పోటీలకు ఎంపికయ్యాను. నేను మ్యాట్ దిగి చెప్పులు వేసుకుంటుంటే నర్సింహులు ఉస్తాద్ ఎదురొచ్చి ఈ మాట అడిగాడు. గెలిచావని అనలేదు, బాగా ఆడావని అనలేదు. నేను ఆ అమ్మాయిని పడగొట్టింది గద్వాల పట్టుతో. పెబ్బేరు తాలీంలో, అంటే ఆయన నడిపే కుస్తీ బడిలో, ఉస్తాద్ తాను ఎంచుకున్న మగపిల్లలకు మాత్రమే నేర్పే పట్టు అది. తాలీంలో మట్టిగది వేరు, మా ఆడపిల్లల కోసం మ్యాట్ పరిచిన రేకుల షెడ్డు వేరు. నేను ఏనాడూ మట్టిగది గడప దాటలేదు.

ఉస్తాద్‌కు నేను జవాబు చెప్పలేదు. పెద్దవాళ్లు గట్టిగా అడిగితే నాకు మాట రాదు, అది నిజమే. కానీ ఆ రోజు మాట వచ్చినా చెప్పడానికి ఏమీ లేదు. ఎవరు నేర్పారో నాకే తెలియదు.

ఆ తరువాత జరిగింది చెబుతాను.

సోమవారం పొద్దున షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి ఉస్తాద్ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మామూలుగా ఆయన కిటికీ అరుగు మీద కూర్చుని, లోపల ఆడుతున్న మమ్మల్ని చూస్తూ "మోకాలు వంచు, మోకాలు వంచు" అని అరుస్తూ ఉంటాడు. ఎండాకాలంలో మాకు నిమ్మకాయ నీళ్లు కలిపించేవాడు కూడా. అందుకే ఆ కుర్చీ చూడగానే దూరంగానే ఆగిపోయాను.

"ఏం పావనీ, యాదికొచ్చిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నా మనుమడే నేర్పిండని నాకు తెలుసు. వాడిని అడిగిన. నేను గాదు తాతా అంటుండు. అబద్ధం చెప్తే మట్టి దిగనియ్య అని చెప్పిన. శనివారం దాంక చూస్త. నువ్వు పేరు చెప్పేదాంక నువ్వు మ్యాట్ ఎక్కకు, వాడు మట్టి దిగడు."

ఆయన మనుమడు శ్రవణ్ కుమార్ నాతో ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఒకసారి షెడ్డు ముందు నా నీళ్లసీసా దొర్లిపోతే తీసి గోడ మీద పెట్టాడు, అంతే. ఆ అబ్బాయికి నా వల్ల శిక్ష. పైగా ఊళ్లో ఇలాంటి సంగతికి తొందరగా రంగులు పూస్తారు. బస్సులో నా పక్కన కూర్చునే రేణుక మరునాడే అడిగింది, "యాడ నేర్పిండే నీకు? చేన్లనా, చెరువు కట్ట మీదనా?" అని. తను నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను.

మాకు కోచింగ్ ఇచ్చే మాలతి మేడమ్ ఉస్తాద్‌తో చాలాసేపు వాదించింది. ఆయన కదలలేదు. చివరికి మేడమ్ నన్ను పక్కకు తీసుకెళ్లి ఫోన్‌లో నా కుస్తీ వీడియో పెట్టింది.

"ఎవరు నేర్పిండ్రో నాకు అవసరం లేదు. ఇది చూడు. నువ్వు మెడ మీద మోచెయ్యి వేసినవ్, తల పక్కకు తిప్పినవ్, మోకాలి ఎనక నుంచి కాలు గుంజినవ్. మస్తుంది. పిల్ల పడిపోతున్నది. ఇగో ఈడ ఆపుతున్న. నీ ఎడమ చెయ్యి ఏం చేస్తుంది?"

చూశాను. ఆ అమ్మాయి నేలకు ఒరుగుతుంటే నా ఎడమ చేయి ఆమె భుజాన్ని వదిలేసి చెవి పక్కకు వెళ్లింది. అరచేయి పైకి తిరిగి, తలను నేలకు తగలకుండా మోస్తున్నట్టుంది.

"ఆ చేత్తోని భుజం నొక్కితే ఆట ఆడికే అయిపోతుండె. మెత్తటి మ్యాట్ మీద తలకు ఏమైతది? చెయ్యి ఇడిస్తే అవతలి పిల్ల జారిపోతది. ఇంకొకటి. ప్రాక్టీసుల గూడ చూస్తున్న, నువ్వు ఎప్పుడు చూసినా కుడిదిక్కుకే పడేస్తవ్. రాష్ట్రంల గిది కనిపెడ్తరు. మార్చుకోవాలె."

చేయి అక్కడికి ఎందుకు వెళ్లిందో నాకు తెలియదు. కానీ ఉస్తాద్ దగ్గర దానికి ఒక కథ ఉంది. కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడికీ చెబుతాడు, కిటికీలోంచి మేమూ విన్నాం. ఆయన గురువుకు గురువు గద్వాల కోటలో రాజావారి ముందు కుస్తీ పట్టాడట. ఎదుటివాడు పడినప్పుడు తల రాతికి తగిలి చచ్చిపోయాడట. ఆ దుఃఖంతో ఆయన, ఇక నుంచి నా చేతిలో ఓడినవాడి తల నేలకు తగలనివ్వను అని ఒట్టు పెట్టుకున్నాడట. అప్పటి నుంచీ పడేసేటప్పుడు చెవి పక్కన అరచేయి పెట్టడం తాలీం మర్యాద అయింది. దాన్నిబట్టే ఉస్తాద్ గద్వాల పట్టును ఎక్కడున్నా గుర్తుపడతాడు. కల్వకుర్తిలో గుర్తుపట్టిందీ దానివల్లే.

నాకు ఆ కథ ఇష్టం. గెలిచినవాడు ఓడినవాడి తలను కాపాడటం మంచి విషయం కదా. కానీ మరి నా చేయి? నేను ఏ ఒట్టూ పెట్టుకోలేదు. కిటికీలోంచి కథ విన్నాను గానీ పట్టు చూడలేదు. అది వేసేటప్పుడు ఉస్తాద్ మట్టిగది తలుపులు మూసేస్తాడు.

వారమంతా కాలేజీకి వెళ్లి వచ్చాను. షెడ్డు ముందు నుంచే దారి. లోపల మిగతా అమ్మాయిలు మ్యాట్ మీద పడుతున్న చప్పుడు వినిపించేది. డైరీ తీస్తే పేజీలో ఒకే వాక్యం వచ్చేది, నాకు ఎవరు నేర్పారు అని. దాని కింద ఏమీ రాయలేకపోయాను.

శనివారం పెబ్బేరు సంత. అమ్మా నాన్నా పని కోసం ముంబైలో ఉంటారు, నేను మా నాయనమ్మ మణెమ్మ దగ్గర ఉంటాను. అవ్వ సంతలో పగ్గాలు, ముకుతాళ్లు, గంటల పట్టెడలు అమ్ముతుంది. ఆ రోజు కాలేజీ లేదు కాబట్టి మూట మోయడానికి వెళ్లాను. పొద్దుటి నుంచే దుమ్ము, పేడ వాసన, బేరాలు. తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లతో ధర చెప్పుకునే దళారులు. అవ్వ తాళ్ల పక్కనే వెంకటన్న కూర్చుని ఎద్దుల గిట్టలకు నాడాలు కొడతాడు. అవ్వ కంటే చిన్నవాడు. ఆమెను అక్కా అని పిలుస్తాడు, మాట మాటకీ ఏడిపిస్తాడు.

"ఏం మణెమ్మక్కా, పైల్వాన్‌ను తోలుకొచ్చినవ్? ఎవరన్న ధర తగ్గియ్యమంటే ఎత్తి కొడ్తదా?"

"ముందుగాల నిన్నే కొడ్తది. జర నీ మొలలడబ్బ అవతలికి జరుపు, నా తాళ్ల మీద పెట్టినవ్."

నేను నవ్వు ఆపుకుంటూ పట్టెడలు విప్పుతున్నాను. అప్పుడు జనం పక్కకు జరిగారు. తెల్లని ఒంగోలు ఎద్దును పట్టుకుని నర్సింహులు ఉస్తాద్ వస్తున్నాడు. నేను అవ్వ వెనక్కి జరిగాను. ఆయన నన్ను చూశాడు.

"శనివారం అని చెప్పిన గద. వచ్చినవా మరి?"

"పిల్లను ఏమంటున్నవ్ పటేలా?" అంది అవ్వ. మా వాడవాళ్లంతా ఆయనను అలాగే పిలుస్తారు.

"నీ మనుమరాలు మా తాలీం పట్టు పట్టింది మణెమ్మా. ఎవరు నేర్పిండ్రో చెప్పదు. దొంగచాటు విద్య నాకు నచ్చదు."

"మాకు దొంగతనం చేసే అలవాటు లేదు."

"చేసిందని అన్ననా? ఎవరో ఇచ్చిండ్రు అంటున్న. ఇచ్చినోడి పేరు కావాలె నాకు."

చుట్టూ నలుగురు నిలబడి వింటున్నారు. వెంకటన్న మధ్యలోకి వచ్చి, "పంచాయితీ మల్ల పెట్టుకుందురు గాని, ఎద్దును ఇటు పట్టు పటేలా, ఎండ ఎక్కుతుంది," అన్నాడు. ఉస్తాద్ పగ్గం అందించాడు.

నాడాలు కొట్టాలంటే ముందు ఎద్దును పడేయాలి. ఇది నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా ఆ రోజు మొదటిసారి చూసినట్టు చూశాను. వెంకటన్న ఎద్దు కాళ్లకు తాడు వేశాడు. ఎద్దు మెడ మీద తన మోచేయి ఆనించి, ముకుతాడు పట్టి తల పక్కకు తిప్పాడు. తిప్పుతూనే రెండో చేత్తో కాలి తాడు గుంజాడు. అంత పెద్ద ఎద్దు మోకాళ్లు వంగి ఒరగసాగింది. కుడిపక్కకు.

మోచేయి మెడ మీద. తల పక్కకు. కాలు వెనక నుంచి.

మాలతి మేడమ్ ఫోన్‌లో ఆపి ఆపి చూపించింది ఇదే.

మామూలుగా తల దగ్గర ఇంకో మనిషి ఉండాలి. వెంకటన్నకు ఆ రోజు తోడు ఎవరూ లేరు. ఎద్దు అనుకున్నదానికంటే తొందరగా ఒరిగింది. "కొమ్ము! కొమ్ము!" అని అరిచాడు. పడేటప్పుడు కొమ్ము నేలకు కొట్టుకుంటే మొదలు దగ్గర విరుగుతుంది, ఇక ఆ ఎద్దు ఎందుకూ పనికిరాదు.

నేను ఎప్పుడు అవ్వ వెనక నుంచి బయటికి వచ్చానో తెలియదు. మోకాళ్ల మీద ఉన్నాను. నా ఎడమ అరచేయి ఎద్దు చెవి పక్కన, కొమ్ము మొదలు దగ్గర ఉంది. తల బరువు నా చేతిలోకి దిగుతోంది. దాన్ని మెల్లగా నేలకు దించుతున్నాను.

అప్పుడు నా చేతి మీద ఇంకో చేయి ఉందని తెలిసింది.

అది ఉస్తాద్ చేయి. ఆయన కూడా మోకాళ్ల మీద ఉన్నాడు, తెల్లని ధోవతి దుమ్ములో. ఆయన అరచేయి నా అరచేయి ఉన్నట్టే ఉంది. చెవి పక్కన, పైకి తిరిగి. ఆయన నాడాలు కొట్టే మనిషి కాదు. ఏనాడూ ఎద్దును పడేసి ఉండడు, తన ఎద్దులను ఎవరో ఒకరు పడేస్తుంటే పక్కన నిలబడి చూసి ఉంటాడు. అయినా ఆయన చేయి తనంతట తాను అక్కడికి వచ్చింది.

ఇద్దరం చేతులు తీయలేదు. ఎద్దు బుస్సుమని ఊపిరి వదిలింది.

అప్పుడు నాకు గడ్డి వాసన గుర్తుకొచ్చింది. మా తాత ఇమ్మానుయేల్ నేను చిన్నగా ఉన్నప్పుడే చనిపోయాడు. ఈ సంతలో వెంకటన్న కంటే ముందు ఎద్దులను పడేసింది ఆయనే. సాయంత్రాలు ఇంటి ముందు ఎండుగడ్డి పరిచి నాతో ఆడేవాడు. "నువ్వు కోడెదూడవు, నేను నాడాలు కొడ్త," అనేవాడు. నా మెడ మీద మోచేయి వేసి, కాలు గుంజి, గడ్డిలో పడేసేవాడు. పడేటప్పుడు ఆయన అరచేయి నా చెవి కింద ఉండేది. తరువాత నా వంతు. నేను ఆయనను పడేసేదాన్ని. ఆయన కావాలనే పడిపోయేవాడు. "కొమ్ము, కొమ్ము! కొమ్ము ఇరిగితే ఎట్ల?" అని నవ్వేవాడు. నేను నా చిన్న చేయి ఆయన చెవి కింద పెట్టేదాన్ని.

ఎవరు నేర్పారో నాకు తెలిసింది.

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. ధోవతి దులుపుకోలేదు. తన అరచేతిని చూసుకుంటున్నాడు.

"మా తాత," అన్నాను. నేనూ లేచి నిలబడ్డాను. మళ్లీ అన్నాను. "మా తాత నేర్పిండు. శ్రవణ్ గాదు."

"ఇమ్మానుయేలా?" ఆయన అవ్వ వైపు తిరిగాడు. "గాయన మా తాలీం కిటికీల నుంచి చూసిండేమో."

"కిటికీ కాడికి రానిచ్చిండ్రా పటేలా మీరు?" అవ్వ గొంతు పెంచలేదు. "మట్టి తేవాల్నంటే పిలిచేటోళ్లు. చెరువుమన్ను గంపలల్ల మోసి గడప బయట పోసి వస్తుండె. ఆయన పోసినంక లోపలికి వేరేటోళ్లు ఎత్తుకపోతుండిరి."

"అట్లైతే ఎట్ల తెలుస్తది? గిది గద్వాల కోటల పుట్టిన పట్టు. మా గురువు చెప్పిండు. ఆయనకు ఆయన గురువు చెప్పిండు."

నేను మాట్లాడాలనుకోలేదు. కానీ వారం రోజులుగా నాలో తిరుగుతున్న ప్రశ్నకు సగం జవాబు దొరికింది, మిగతా సగం నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"మనిషికి కొమ్ములు ఉండవు గద, ఉస్తాద్."

వెంకటన్న చేతిలో సుత్తి అలాగే ఉంది.

"తల కాపాడాల్నంటే చెయ్యి తల ఎనక పెట్టాలె. మట్టికి తగిలేది అదే. మన పట్టుల చెయ్యి చెవి పక్కకు ఎందుకు పోతది? ఆడ మనిషికి ఏముంది?" నా మాటలు నాకే దూరం నుంచి వినిపిస్తున్నాయి. "కుడిదిక్కుకే ఎందుకు పడేస్తం? మేడమ్ అడిగింది. నాకు తెల్వలే."

"ఎద్దును ఎడమదిక్కు పడెయ్యరు బిడ్డా," అన్నాడు వెంకటన్న మెల్లగా. "కడుపుల మేతసంచి ఆ దిక్కుంటది. దాని మీద పడుకుంటే కడుపుబ్బుతది. అందుకే కుడిదిక్కు." చెప్పి, తప్పు చేసినట్టు ఉస్తాద్ వైపు చూశాడు.

ఉస్తాద్ కోప్పడతాడనుకున్నాను. ఆయన కోప్పడలేదు. ఎద్దు పక్కన కూర్చుని దాని కొమ్ము మొదలును వేళ్లతో తడిమాడు. తరువాత తన చెవి పక్కన, అదే చోట, తడుముకున్నాడు. ఆయన జీవితమంతా ఎంతమంది పిల్లల చెవుల పక్కన అరచేయి పెట్టి ఉంటాడు. పెట్టిన ప్రతిసారీ ఆ కోట, ఆ రాజు, ఆ చచ్చిపోయినవాడు ఆయనకు కనిపించి ఉంటారు. నాకు ఆయన మీద గెలిచినట్టు అనిపించలేదు. ఒకరి ఇంట్లో దేవుడి పటం పక్కకు జరిపినట్టు అనిపించింది.

ఒక పట్టు ఎక్కడ పుడుతుందో ఎవరూ రాసి పెట్టుకోరు కాబోలు. పని చేసే చేతుల్లో పుడుతుంది. చూసినవాడు దాన్ని మట్టిలోకి తీసుకెళ్తాడు, అక్కడ దానికి ఒక పేరు, ఒక కథ వస్తాయి. ఇప్పుడు మ్యాట్ మీదికి వచ్చింది. మేడమ్ దాని చేయి ఒకటి తీసేయమంటోంది. అవసరం తీరినా ఆ చేయి ఇన్నాళ్లూ పోలేదు. అది పోయి ఉంటే నేనూ, అవ్వా, ఉస్తాదూ ఆ రోజు అక్కడ నిలబడి ఉండేవాళ్లం కాదు.

వెంకటన్న మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు మధ్యలో ఉస్తాద్ లేచాడు.

"నీకు నేర్పింది ఎవరో తెలిసింది," అన్నాడు నాతో. "శ్రవణ్‌ను ఊకె తిట్టిన." తరువాత అవ్వను అడిగాడు. ఈసారి అడిగిన తీరు వేరుగా ఉంది. "మరి మా గురువులకు నేర్పింది ఎవరు మణెమ్మా? సంతల చూసి నేర్చుకున్నరా? ఎవరన్న చేయి పట్టి చూపిచ్చిండ్రా? నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పు."

"ఈడ చెప్ప." అవ్వ ముకుతాడు చుట్టి మూటలో పెట్టింది. "నా మొగడు మన్ను మోసి గడప బయటనే దించిండు. ఆ గడప లోపల, మట్టి మీద నిలబడి చెప్త. నేనూ, నా మనుమరాలూ. రానిస్తే చెప్త, లేకుంటే లేదు."

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో "అబ్బో" అన్నారు. మట్టిగదిలోకి ఆడమనిషి అడుగుపెట్టడం ఇంతవరకూ లేదు. మా వాడ మగవాళ్లు కూడా అడుగుపెట్టలేదు. ఎద్దు లేచాక ఉస్తాద్ దాని పగ్గం అందుకుని నడవసాగాడు. ఇక అయిపోయిందనుకున్నాను. కొంత దూరం పోయి ఆగి, తిరిగి చూడకుండానే అన్నాడు.

"రేపు పొద్దున రండి."

"రేపు ఆయితారం పటేలా. మాకు ప్రార్థన ఉంటది."

ఆయన పగ్గాన్ని చేతికి చుట్టుకున్నాడు. "ప్రార్థన అయినంకనే రండి. తలుపు తీసే ఉంచుత."

ఎద్దు కొత్త నాడాలతో టకటకమంటూ ఆయన వెనక పోయింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మ్యాట్ నాది, పట్టు నాది, శ్రవణ్‌కు శిక్ష పోయింది. అవ్వ చేయి పట్టుకున్నాను. ఆమె నా వైపు తిరగలేదు.

"అవ్వా? భయమైతుందా? నిజంగనే తెలుసా నీకు?"

"తెలుసు బిడ్డా. అదే నా పరేషాన్." ఉస్తాద్ పోయిన దారి వైపే చూస్తోంది. "పట్టు ఎవరిదో చెప్తే సగమే చెప్పినట్టు. మీ ముత్తాత ఆళ్లకు ఆ పట్టు యాడ నిలబడి చూపిచ్చిండో గది గూడ చెప్పాలె."

"యాడ చూపిచ్చిండు?"

"ఆయన సొంత జాగల. ఇప్పుడు తాలీం ఉన్నది ఆ జాగలనే."